ఎర్రముల్లు తొంభై మీద ఆగింది

శవం పడవ లంగరు తాడుకి చుట్టుకుని ఉంది.

2004. ఈస్టరు ఆదివారం. ఉదయం ఆరు దాటింది. గుమ్మలగెడ్డ రిజర్వాయరు మీద మంచు ఇంకా లేవలేదు.

సోంబరు తాడు లాగాడు. బరువుగా వచ్చింది. వల చిక్కుకుందనుకున్నాడు. ముందు ఈతకి కాలికి తొడిగే రబ్బరు ఫిన్ ఒకటి తేలింది. తర్వాత కాలు. తర్వాత మొహం.

మాస్కు లోపల సగం దాకా నెత్తురు నీళ్ళు. ఆ నీళ్ళ వెనక రెండు కళ్ళు తెరిచే ఉన్నాయి.

జగన్నాథరావు. నేవీలో డైవరుగా చేసి రిటైరైన మనిషి. పోయిన వానాకాలం ఇక్కడ పడవ బోల్తాపడింది. ఆరుగురు పోయారు. శవాలు తీసేవాడే దొరకలేదు. అందుకని ఈయన్ని విశాఖ నుంచి పిలిపించారు. సిలిండరు కట్టుకుని నీళ్ళలో దిగడం నేర్పే కోర్సు. రెండు వారాలు. నలుగురు నేర్చుకునేవాళ్ళు. చివర పరీక్ష. పాసైతే కార్డు.

ఆ నలుగురిలో పడవ నడిపే సోంబరు ఒకడు.

గాలి గొట్టం సగానికి తెగి వేలాడుతోంది. ఎడమ డొక్కలో కత్తి దిగి ఉంది. పిడి దాకా.

దుప్పికొమ్ము పిడి.

సోంబరు దాన్ని చూశాడు.

అది తన కత్తి.

*

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వరహాలరావు ఔట్‌పోస్టు దగ్గర జీపు దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట.

మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. చెప్పుల్లేవు. జుట్టు ముడి ఊడిపోయింది. ఆయన్ని చూసి లేవలేదు. అడ్డంగా చెయ్యి పెట్టింది.

"నువ్వెవరమ్మా?"

"కనకని. సోంబరు పెళ్ళాన్ని."

"అడ్డు తప్పుకో."

"తప్పుకోను బావూ. మా అన్న బుధు ఫారెస్టు గార్డు. రెండేళ్ళయినాది, బండితోటి సహా మాయమైపోనాడు. మీవోళ్ళనడిగితే ఒడిసా పారిపోనాడు, ఆడదాన్ని మరిగినాడు అన్నారు. నవ్వినారు. ఇప్పుడు నా మొగుణ్ణి లోపలేసి సంపేత్తన్నారు. ఉన్నోడు వాడొక్కడే నాకు."

లోపల్నించి అరుపు వినపడింది. కనక చెవులు మూసుకుంది.

వరహాలరావు ఆమెని దాటి లోపలికి వెళ్ళాడు.

సోంబరు దూలానికి వేలాడుతున్నాడు. మణికట్లకి తాడు. కాలి బొటనవేళ్ళు మాత్రం నేలకి ఆనుతున్నాయి. అరికాళ్ళు పగిలి నెత్తురు కారుతోంది. కుడిచేతి రెండు వేళ్ళు ఉండవలసిన వైపు లేవు. ఎడమ చెవిలోంచి పసుపుపచ్చగా చీము.

ఎస్సై రామారావు లాఠీ పక్కన పెట్టి సెల్యూట్ కొట్టాడు.

"ఒప్పుకున్నాడు సార్."

"నువ్వు ఒప్పించావు. దింపు."

హెడ్ కానిస్టేబుల్ మంగ్లు గబగబా తాడు విప్పాడు. సోంబరు మూటలా కింద పడ్డాడు.

"కేసు చెప్పు," అన్నాడు సీఐ.

"కత్తి వీడిది. శవం వీడి పడవ దగ్గరే దొరికింది. శుక్రవారం వీడికీ మాస్టారుకీ గొడవైంది. నీకు కార్డు రాదు పొమ్మన్నాడాయన. నా నీళ్ళలో నాకు కార్డు లేదా అని వీడు అందరి ముందూ ఎగిరాడు. పడవ మీద పొడిచి నీళ్ళలోకి తోసేశాడు. నాలుగింటికి బయల్దేరితే ఘాట్ అవతల మేజిస్ట్రేటు గారి ఇంటికి తీసుకెళ్ళి రిమాండ్ చేయించొచ్చు."

"ఈ ఒప్పుకోలు కాగితం, ఆ కత్తి అక్కడికి చేరితే వీడింక బైటికి రాడు," అన్నాడు సీఐ.

"రాకూడదనే కదా సార్."

సీఐ సోంబరు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కత్తి నీదేనా?"

"నాదే బావూ. పడవలో ఒగ్గేసినాను. వలలు కొయ్యడానికి అందరూ వాడతారు."

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"అవతలొడ్డున వల కడతన్నాను."

"ఎవరు చూశారు?"

"సేపలు సూసినాయి."

రామారావు కాలెత్తాడు. సీఐ ఒక్క చూపు చూశాడు. కాలు దిగింది.

"మాస్టారు కార్డు ఎందుకు ఇవ్వనన్నాడు?"

"సెవి బావూ. గుంటడప్పుడు సిల్లు పడినాది. రెండు నిలువులు దిగితే సాలు, బుర్ర తిరిగిపోతాది. ఏది పైనో ఏది కిందో తెల్దు. మాస్టారు మంచోడే. సచ్చిపోతావురా, వద్దురా అన్నాడు. నాకు కోపమొచ్చినాది."

*

శవం మిషను ఆసుపత్రి వెనక గదిలో బల్ల మీద ఉంది. డాక్టరు మెర్లిన్ ఈస్టరు చీర మీద రబ్బరు ఏప్రను కట్టుకుంది.

"ఎప్పుడు పోయాడు?"

"నిన్న మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య. రెండింటికి అన్నం తిన్నాడంటున్నారు. కడుపులో అలాగే ఉంది."

"కత్తిపోటుకేనా?"

"పోటు మూడు సార్లు. మూడోది ఊపిరితిత్తి దాటింది. అరచేతులు చూడండి. కత్తిని ఒట్టి చేతుల్తో పట్టుకున్నాడు. వేళ్ళు ఎముక దాకా తెగాయి. బాగా పెనుగులాడాడండి."

"పడవ మీదా? నీళ్ళలోనా?"

"ఊపిరితిత్తుల్లో నీళ్ళున్నాయి. పొడిచేటప్పటికి నీళ్ళలోనే ఉన్నాడు. ఎంత లోతో నేను చెప్పలేను."

సీఐ శవం మీది సామాన్లు చూశాడు. జాకెట్టు ఉంది. సిలిండరు ఉంది. నడుముకి ఉండాల్సిన సీసం బెల్టు లేదు. ఎడమ మణికట్టు మీద గడియారం లాంటిది ఒకటి ఉంది. రెండు ముళ్ళు. నల్లముల్లు సున్నా మీద. ఎర్రముల్లు తొంభై మీద.

"ఆ వాచీ ఆగిపోయింది సార్," అన్నాడు రామారావు.

సీఐ వంగి చూశాడు. గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

"డాక్టరుగారూ, ఔట్‌పోస్టులో సోంబరు చెవి చూసొచ్చారట కదా. ఎంత లోతు దిగగలడు?"

"చిల్లు చెవి. లోపల చీము. బాగా లోతుకి వెళ్తే మనిషి కళ్ళు తిరిగి అక్కడే ఉండిపోతాడు. తిరిగి రాడు."

*

రిజర్వాయరు గట్టు మీద రేకుల షెడ్డు. అందులో కంప్రెసరు, సిలిండర్లు, గోడకి వేలాడే రబ్బరు సూట్లు. మిగిలిన ముగ్గురినీ అక్కడికే రప్పించారు.

మొదట సోని. ఇరవై ఏళ్ళ గుంట. గిరిజన హాస్టల్లో వంట సహాయం చేస్తుంది. పడవ బోల్తాపడ్డ రోజు ఇద్దరు పిల్లల్ని జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగింది ఈమే.

సీఐ గడియారం చూపించాడు.

"ఇదేంటి?"

"లోతు సూపించేదండి. నల్లముల్లు ఇప్పుడెంత లోతులో ఉన్నామో సెప్తాది. ఎర్రముల్లు అన్నిటికంటె ఎంత లోతుకెళ్ళినామో అక్కడ ఆగిపోతాది. మనం తిప్పితేగానీ ఎనక్కి రాదు."

"పాతది ఉండిపోయి ఉండొచ్చుగా?"

"నేదండి. దిగేముందు సారు సున్నాకి తిప్పుకునేవోరు. రోజూ. మా సేత గూడా తిప్పించేవోరు. తిప్పకపోతే తిట్లే."

"నిన్న పొద్దున మీరెంత దిగారు?"

"పదిహేను అడుగులు. మోకాళ్ళ మీద కూకుని మాస్కులో నీళ్ళు బైటికి ఊదడం సేసినాం."

"తొంభై అడుగులు ఎక్కడుంటుంది?"

"డ్యాము గోడ పక్కని. పాత గెడ్డ మడుగు. అటు దిగొద్దని మొదటి రోజే సెప్పినారు."

రామారావు గొంతు సవరించుకున్నాడు.

"శవానికి సీసం బెల్టు లేదు. పోయిందా?"

సోని కళ్ళు తుడుచుకుంది.

"ఒగ్గేసుంటారండి. కింద ఏదేనా అయితే ముందు బెల్టు ఒగ్గేయండి, తేలిపోతారు అనేవోరు. మొదటి పాఠం అదే."

"సిలిండర్లు?"

"నిన్న మజ్జానం నానే నింపినాను. ఇయ్యాల సూత్తే సారు ఒంటిమీదది కాక ఇంకో రెండు ఖాళీ."

"రెండు సిలిండర్లు ఒక మనిషికి ఎంతసేపు?"

"ఆ లోతులో గాలి బేగి అయిపోతాదండి. రెండూ కలిపితే ముప్పావుగంట పైమాటే."

"ఆయన నేర్పినవి ఇంకేం గుర్తున్నాయి? అన్నీ చెప్పు."

సోని బడిలో ఒప్పజెప్పినట్టు చెప్పింది.

"ఊపిరి బిగబట్టకూడదు. ఒంటరిగా దిగకూడదు. బుడగలకంటె బేగి పైకి రాకూడదు. సెవి నొప్పెడితే ఆగిపోవాల. దిగినరోజు ఘాట్ ఎక్కకూడదు. భయపడినోడు మీదడి పట్టుకుంటే పెనుగులాడకూడదు, వాడి సేతుల్లోంచి కిందికి జారిపోవాల. వాడు కిందికి రాడు. సాలాండి?"

"చాలు."

*

రెండోవాడు రవిబాబు. పార్వతీపురం మనిషి. గట్టు పక్కనే నాలుగు కాటేజీలు కట్టాడు. మెడలో లావుపాటి గొలుసు. నోట్లో కిళ్ళీ.

"నిన్న రెండు నుంచి నాలుగు దాకా?"

"పడుకున్నానండి. బీరు తాగాను. అబద్ధం ఎందుకు?"

"ఎవరు చూశారు?"

"నా గురక ఊరంతా వింటుంది."

"మాస్టారుతో గొడవ?"

"గొడవేముందండి! కోర్సు బేగి అవ్వగొట్టమన్నాను, అంతే. వచ్చే నెల గేట్ల రిపేరుకి నీళ్ళు వదిలేస్తున్నారు. డ్యాము దగ్గర మడుగు కూడా తేలిపోతుందట. నీళ్ళు లేకపోతే ఇంకేం నేర్చుకుంటాం? ఆయన వింటేనా! పాఠం పాఠమే అంటాడు. శుక్రవారం అయితే మూడుగంటలు బోర్డు మీద లెక్కలు. నేనూ సోంబరూ కునికిపాట్లు. సోనీ ఒక్కతే విన్నది. ఆల్విన్ మాస్టారు అదృష్టవంతుడు. గుడ్‌ఫ్రైడే అని చెప్పి రానేలేదు."

*

మూడోవాడు ఆల్విన్. మిషను స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ముప్పై అయిదేళ్ళు. పొడుగు మనిషి. తెల్లచొక్కా. కుడి భుజం మీద తువ్వాలు.

మంగ్లు టీ ఇచ్చాడు. ఆల్విన్ ఎడమచేత్తో అందుకున్నాడు.

"నిన్న క్లాసు ఎప్పుడయింది?"

"ఒంటిగంటకి సార్."

"తర్వాత?"

"ఒకటిన్నరకి బండి మీద బయల్దేరిపోయాను. శిలపాడు. ఘాట్ మీద మా అమ్మ ఉంటుంది. ఈస్టరు కదా."

"ఎన్నింటికి చేరారు?"

"ఆరయింది."

"గంటన్నర దారి."

"టైరు పంక్చరైంది సార్. తోసుకుంటూ వెళ్ళాను. రాత్రి ప్రార్థనలో ఊరంతా నన్ను చూశారు. పాస్టరు గారిని అడగండి."

"మళ్ళీ ఘాట్ ఎప్పుడు దిగారు?"

"కబురు తెలిసి పది గంటలకి వచ్చాను. అన్యాయం సార్. దేవుడిలాంటి మనిషి."

"భుజానికేమైంది?"

"బండి మీంచి పడ్డాను."

"పంక్చరుకి ముందా, తర్వాతా?"

ఆల్విన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "తర్వాత సార్. చీకట్లో."

"ఆరింటికే చేరిపోయానన్నారు."

"అదే సార్. చీకటి పడుతుంటే."

సీఐ బైటికి వచ్చాడు. ఆల్విన్ బండి చెట్టుకింద ఉంది. చుట్టూ తిరిగి చూశాడు. హ్యాండిలు, సైలెన్సరు, ఫుట్‌రెస్టు. ఎర్రమట్టి తప్ప ఒక్క గీత లేదు.

మూడున్నర అయింది.

"అందర్నీ వ్యానెక్కించు," అన్నాడు సీఐ. "సోంబర్ని కూడా."

రామారావు మొహం వెలిగింది. "రిమాండుకేనా సార్?"

"ఘాట్‌కి."

ఔట్‌పోస్టు మెట్ల దగ్గర కనక వ్యాను చువ్వలు పట్టుకుంది. మంగ్లు ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. విడదీస్తూ ఆమె మొహం వైపు చూడలేదు.

"ఒలే కనకా, ఊరుకోయే," అన్నాడు సోంబరు. "సిన్న సేపలు ఉప్పెయ్యి. పాడైపోతాయి."

వ్యాను కదిలింది. కనక దుమ్ములో కొంతదూరం పరిగెత్తింది. తర్వాత ఆగిపోయింది.

*

ఘాట్ రోడ్డు. మలుపు మీద మలుపు. ఒకపక్క కాఫీ తోటలు, ఒకపక్క లోయ.

సీఐ ముందు సీట్లో ఉన్నాడు. అద్దంలో వెనక కూర్చున్నవాళ్ళని చూస్తున్నాడు.

సోంబరు చేతులకి బేడీలు. మంగ్లు పక్కన. ఎదురుగా రవిబాబు, సోని, ఆల్విన్. చివర రామారావు.

నాలుగో మలుపు. ఆల్విన్ నుదుటి మీద చెమట.

ఏడో మలుపు. చలిగాలి కొడుతోంది. రవిబాబు తువ్వాలు చెవులకి చుట్టుకున్నాడు. ఆల్విన్ చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"మాస్టారూ, వాంతి వచ్చేలా ఉందా? కిటికీ దగ్గరికి రండి," అన్నాడు రవిబాబు. "నామీద మాత్రం వద్దు."

"ఏం లేదు."

పదో మలుపు. ఆల్విన్ కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో గట్టిగా అదుముకున్నాడు. పళ్ళు కొరుకుతున్నాడు. చిన్నగా మూలిగాడు.

"వెనక్కి తిప్పండి సార్," అన్నాడు. "నాకు ఒంట్లో బాగోలేదు. నేను సాక్షిని కూడా కాదు."

"దగ్గరికి వచ్చేశాం. మీ అమ్మ ఇంటి దగ్గర కాసేపు ఆగుదాం. మంచినీళ్ళు తాగుదురు గాని."

"వద్దు!"

అందరూ అతని వైపు చూశారు.

*

శిలపాడు ఘాట్ పైన చివరి ఊరు. పది ఇళ్ళు. ఒక చిన్న చర్చి. మగ్దలేనమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. చేట కింద పెట్టి వచ్చింది. చిన్నగా, ఎండిన కొమ్మలా ఉంది.

కొడుకు వ్యాను దిగుతూ మోకాలి మీద పడ్డాడు. ఆమె పరిగెత్తింది.

"ఓలమ్మ! మళ్ళీ వచ్చిందేటి నాయనా నొప్పి? తగ్గిపోనాదని కిందికెల్లినావు కదా. మళ్ళీ కాల్సేదా కొడవలి?"

"అమ్మా, నోరు ముయ్యి!"

సీఐ ముందుకొచ్చాడు. గొంతు పెంచలేదు.

"ఏం నొప్పమ్మా?"

"రెక్క బావూ. నిన్న సాయంత్రం వచ్చినప్పుడు నిచ్చేపంలా ఉన్నాడు. ప్రార్థనకి కూకున్నాక సేతులెత్తమన్నారు. ఈడు ఎత్తనేకపోనాడు. ఎముకలో ఎవులో మేకు కొడతన్నట్టుందమ్మా అని ఏడ్సినాడు. ఇంత మనిషి! సూడనేక నానే కొడవలి కాల్సి మూడు సురకలెట్టినాను. మా పెద్దోళ్ళ మందు అదే. పాస్టరు బాబుకి సెప్పకండి. సైతాను పనంటాడు."

"బండి మీంచి పడ్డాడా?"

"పడడమేటి? పడనేదు. ఒంటి మీద గీత నేదు."

"మంగ్లూ. చొక్కా."

మంగ్లు ఆల్విన్ చొక్కా లాగాడు. గుండీలు తెగి రాలాయి. కుడి భుజం మీద మూడు వాతలు. ఎర్రగా, తడిగా. కొడవలి వంపు అచ్చుపడింది.

రామారావు ఇంకా అర్థంకాని మొహంతో ఉన్నాడు. "భుజం నొప్పికీ హత్యకీ ఏం సంబంధం సార్?"

"సోనీ, దిగినరోజు ఘాట్ ఎందుకు ఎక్కకూడదు?"

సోని ఆల్విన్‌నే చూస్తోంది. మాట మెల్లగా వచ్చింది.

"లోతులో ఎక్కువసేపు ఉంటే గాలి నెత్తుట్లో కలిసిపోతాదండి. కీళ్ళలో గూడా. గోలీసోడాలో గేసు లాగ. బైటికి రావాలంటే ఒకరోజు కిందే ఉండాల. ఎత్తుకెల్తే..."

"ఎత్తుకెళ్తే గోలీ నొక్కినట్టే," అన్నాడు సీఐ. "బుడగలు ఒక్కసారి లేస్తాయి. కీళ్ళలో లేస్తే మేకు కొట్టినట్టుంటుంది. ఎర్రముల్లు చెప్పింది. జగన్నాథరావు గారిని పొడిచింది పడవ మీద కాదు. తొంభై అడుగుల కింద. పొడిచినవాడూ అక్కడే ఉన్నాడు. ఆయన రాకముందు నుంచీ ఉన్నాడు. రెండు సిలిండర్లు తాగాడు. సోంబరు చెవికి ఆ లోతు పడదు. రవిబాబు, సోని నిన్నంతా ఘాట్ ఎక్కలేదు. ఎక్కి నొప్పి తెచ్చుకుంది ఒక్కడే. ఎక్కకూడదని వాడికి తెలీదు."

"శుక్రవారం పాఠం," అంది సోని.

"ఆరోజు గుడ్‌ఫ్రైడే. కిందికి ఎలా దిగాలో, కత్తి ఎలా పట్టుకోవాలో నేర్చుకున్నాడు. మిగతాది నేర్చుకోలేదు. పొద్దున కిందికి దిగితే నొప్పి కొంత తగ్గింది. అది ఘాట్ దిగినందుకు. ఈ తల్లి వాతలకి అనుకుంది."

మగ్దలేనమ్మ అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నానేటి తప్పుగా సెప్పినాను బావూ?"

సోని ఆమె వైపు ఒక అడుగు వేసింది.

ఆల్విన్ కదిలాడు.

గోడకి వేలాడుతున్న కొడవలి ఎడమచేతికి వచ్చింది. మొదటి వేటు మంగ్లుకి. ముంజేయి మణికట్టు నుంచి మోచేతి దాకా విచ్చుకుంది. నెత్తురు మట్టిగోడ మీద చిందింది. మంగ్లు కూలబడ్డాడు. రామారావు లాఠీ ఎత్తాడు. కొడవలి పిడి అతని దవడకి తగిలింది. రెండు పళ్ళు రాగుల చేటలో పడ్డాయి.

మరుక్షణం సోని ఆల్విన్ చంకలో ఉంది. కొడవలి మొన ఆమె గొంతు మీద.

"వ్యాను తాళాలు! లేకపోతే దీని పీక కోస్తాను!"

"ఆల్వినూ!" తల్లి అరిచింది. "వద్దురా, గుంట రా అది!"

సీఐ రివాల్వరు తీశాడు. కాల్చడానికి దారి లేదు. మొన దగ్గర చర్మం తెగింది. ఒక నెత్తుటి గీత సోని జాకెట్టు లోకి జారింది.

సోని పెనుగులాడలేదు. గాలి వదిలేసింది. ఒళ్ళంతా ఒక్కసారి మెత్తబడి, అతని చేతుల్లోంచి నేరుగా కిందికి జారిపోయింది. బట్టలా. కొడవలి ఆమె జుట్టు కోసుకుంటూ గాలిలో తిరిగింది.

కుడిచేత్తో పట్టుకోబోయాడు ఆల్విన్. ఆ చెయ్యి లేవలేదు.

వెనకనుంచి సోంబరు దూకాడు. పగిలిన అరికాళ్ళ మీద. బేడీల గొలుసు ఆల్విన్ మెడకి పడింది. విరిగిన వేళ్ళతోనే లాగాడు. ఇద్దరూ దొర్లారు. ఆల్విన్ మోకాలు సోంబరు డొక్కలో దిగింది. గొలుసు జారింది. ఆల్విన్ లేచి కాఫీ తోటలోకి పరిగెత్తాడు.

పది అంగలు. కుడికాలు మడతపడింది. లేచాడు. ఇంకో రెండు అంగలు. ఈసారి రెండుకాళ్ళూ ఒకేసారి మడతపడ్డాయి. బోర్లా పడ్డాడు.

లేవడానికి చూశాడు. నడుం కింద ఏదీ కదలలేదు.

"నా కాళ్ళు," అన్నాడు. "నా కాళ్ళు తెలీట్లేదు."

సీఐ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. కొడవలి దూరంగా తోశాడు.

"బుడగలు వెన్నులోకి వెళ్ళాయి. విశాఖలో నేవీవాళ్ళ దగ్గర ఇనప గది ఒకటి ఉందట. అందులో పెట్టి గాలి నొక్కితే కాళ్ళు రావొచ్చు. ఆలస్యం అయితే రావు. మడుగులో ఏముంది?"

ఆల్విన్ మట్టి కరుచుకున్నాడు.

"నీళ్ళు వదిలేస్తే తేలేది ఏముంది? దేనికోసం నువ్వు డైవింగు నేర్చావు?"

"బుధు," అన్నాడు ఆల్విన్.

కనక అన్న పేరు విని సోంబరు తలెత్తాడు.

"రాత్రిపూట దొంగతనంగా ఇరుగుడు కలప దుంగలు దింపుతుంటే టార్చి వేశాడు. స్కూలు పేరు చెప్పి వదిలెయ్యమన్నాను. నన్ను గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచాడు. గొడ్డలి చేతిలో ఉంది. రెండు దెబ్బలు. వాడి బండికే కట్టి మడుగులో వదిలాను. నీళ్ళు వదిలేస్తారని తెలిసింది. కట్లు కొయ్యడానికి సోంబరు పడవలోని కత్తి, ఒక గోనెసంచి తీసుకుని దిగాను. ఎముకలు ఏరుతున్నాను. వెలుతురు పడింది. తిరిగి చూస్తే మాస్టారు. ఒంటరిగా దిగకూడదని చెప్పానుగా అన్నట్టు వేలు ఊపుతున్నాడు. నాకేదో అయిందనుకుని వచ్చాడు. సంచి చూశాడు. అప్పుడు..."

ఆగాడు.

"పొడిస్తే కూడా నా గాలి గొట్టం పట్టి లాగలేదు. కత్తే పట్టుకున్నాడు."

సీఐ లేచాడు. "రామారావ్, వీణ్ణి వ్యానెక్కించు. మంగ్లునీ ఎక్కించు. డ్రైవరుకి చెప్పు, విశాఖ దాకా ఎక్కడా ఆగొద్దని."

రామారావు నోరు నొక్కుకుంటూ వచ్చాడు.

"నీ లాఠీ ఇలా ఇవ్వు."

"సార్?"

"సోంబరు వేళ్ళు దానితోనే విరిచావుగా. కొడవలి పక్కన అదీ ఉంటుంది కోర్టులో."

*

వ్యాను వెళ్ళిపోయింది. దుమ్ము అణిగింది.

మగ్దలేనమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. రాగుల్లోంచి పళ్ళు ఏరి పక్కన పెట్టింది. చేతులు ఆడుతున్నాయి గాని కళ్ళు వాటిని చూడడంలేదు.

"బావూ."

"చెప్పమ్మా."

"నాను సురకల మాట ఎత్తకపోతే, మావోణ్ణి ఒగ్గేసేవోరా?"

సీఐ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఇతన్ని పట్టుకెళ్ళేవాళ్ళం," అన్నాడు, సోంబర్ని చూపించి.

ఆమె సోంబరు కాళ్ళు చూసింది. లేచి లోపలికి వెళ్ళింది. గోరువెచ్చటి నీళ్ళు, పాత చీర ముక్క తెచ్చింది. అతని ముందు కూర్చుని అరికాళ్ళు తుడిచింది. సోంబరు కాళ్ళు వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. ఏడవలేదు.

సీఐ బేడీలు విప్పాడు.

పై కొండల నుంచి వెదుళ్ళు దించుకుని వస్తున్న లారీ ఒకటి ఆగింది. రవిబాబు పరిగెత్తి డ్రైవరుతో మాట్లాడి వచ్చాడు. సోని, రవిబాబు వెనక ఎక్కారు. సోని మెడకి తువ్వాలు కట్టి ఉంది. సోంబర్ని ముందు కూర్చోబెట్టారు. సీఐ పక్కన ఎక్కాడు.

లారీ ఘాట్ దిగుతోంది. సోంబరు కిందికి చూస్తున్నాడు. దూరంగా రిజర్వాయరు. గట్టు మీద ఔట్‌పోస్టు. మెట్ల మీద ఎవరో కూర్చున్నారు. చుక్కలా కనపడుతోంది.

"దానికి రెండు మాటలు సెప్పాల బావూ," అన్నాడు. "నాను వచ్చేసినాను అని. దాని అన్న రాడు అని. ఏది ముందు సెప్పేది?"

వరహాలరావు కిటికీలోంచి బైటికి చూశాడు. ఇంకో మలుపు తిరిగింది.

"నువ్వేం చెప్పకు," అన్నాడు. "ముందు వెళ్ళి ఎదురుగా నిలబడు. రెండోది నేను చెప్తాను."